పదకొండు రోజుల గాలి

ఆయన ఇంకా నోరు విప్పలేదు, నాకు అప్పుడే ఒళ్ళు మండుతోంది. శాలువా కప్పారు, తలకు మైసూరు పేటా పెట్టారు, పేటా చెవుల మీదికి జారుతుంటే ఆయన నవ్వుతూ సర్దుకుంటున్నాడు. కుప్పం కాలేజీ సెమినార్ హాలు నిండా పిల్లలు, ముందు రెండు వరసల్లో ఆయన చుట్టాలు, వెనక బ్యానర్ మీద డాక్టర్ చెంగల్రాయుడు అని పెద్దక్షరాలు, పక్కన ఒక దీవి బొమ్మ. ఆ దీవి మాది కాదు. బొమ్మలో దీవికి కొండ ఉంది. మా దీవిలో కొబ్బరిచెట్టు కన్నా ఎత్తయినది గాలి కొలిచే పనికి నేను రోజూ ఎక్కిన ఇనప టవరు ఒక్కటే. దానికి నూట పన్నెండు మెట్లు. ఈయన ఆ దీవికి వచ్చింది రెండుసార్లు, టవరు ఎక్కింది ఒక్కసారి, అదీ సగం దాకా, ఫోటో కోసం. ఆ ఫోటో మొదటి స్లైడులోనే వస్తుందనుకున్నాను. వచ్చింది. గాలికి జుట్టు ఎగురుతూ, ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి నడుం మీద. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో తీసింది నేను. కింద నిలబడి, ఎండ కళ్ళలో పడుతుంటే, ఇంకొకటి తియ్యమ్మా, ఇంకొకటి, అంటుంటే ఏడు తీశాను.

పక్క కుర్చీలో పెద్దాయన నా సంచీని మోచేత్తో నెడుతున్నాడు.

“అది కింద పెట్టుకోమ్మా. మా చుట్టాలు ఇంకా వస్తాండారు, కుర్చీ కావల్ల.”

“వచ్చినాక తీస్తాను.”

“యా ఊరు మీది?”

“పుంగనూరు.”

“పేరు?”

“జబీన్.”

ఆయన పేరు నల్లప్పట, వేదిక మీది మనిషికి మేనమామట, అడక్కుండానే చెప్పాడు. “మావోడు గాలిని సూసి అది యా ఊరి గాలో సెప్పేస్తాడు,” అన్నాడు, మేనల్లుడు అప్పుడే ఆ పని చేసి చూపించినట్టు. సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను, కింద పెట్టలేదు. అందులో రేపటి ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లు, మడత పెట్టిన ఒక చీర, చిన్న డబ్బీలో పెన్ డ్రైవ్. సాయంత్రం ఇక్కడే రైలెక్కి బెంగళూరు పోవాలి. అక్కడి సంస్థ వాళ్ళు నన్ను పిలిచారు, కొలతల విభాగంలో ఉద్యోగం, ఇదివరకటి అధికారిని సంప్రదిస్తామని ఉత్తరంలో రాశారు. ఇదివరకటి అధికారి ఇదిగో, పేటా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రైలుకి ముందు ఈ గంట చాలు నాకు. ఆయన సొంత ఊళ్ళో, సొంత మేనమామ వింటుండగా, ఆయన చేసింది చెప్పి పోతాను. నాలుగు రోజులుగా ఆ వాక్యాలనే నోట్లో తిప్పుకుంటున్నాను, పొద్దున పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, గ్రానైటు బండలు మోసే లారీల వెనక పాకుతూ వస్తున్నంతసేపూ తిప్పుకున్నాను, అవి ఇప్పుడు రాళ్ళలా నున్నగా అయిపోయాయి.

ఆయన చెబుతున్నాడు. బాగా చెబుతాడు, అదే నా కడుపుమంట. భూమిని వేడెక్కించే వాయువులు ఎంతున్నాయో తెలుసుకోవాలంటే ఊరి మధ్య కొలిస్తే లాభం లేదు, ఆ పొగ, ఈ పొగ కలుస్తాయి. అందుకే నేలకు దూరంగా సముద్రం మధ్య కొలుస్తాం, అంటున్నాడు. కొలుస్తామట. ఆ ‘మేము’లో నేనున్నానా? పద్నాలుగు నెలలు పొద్దున్నే ఆ గదిలోకి వెళ్ళి, టవరు మీంచి గొట్టంలో దిగి వచ్చే గాలిని పరికరం తాగుతూ ఉంటే, దాన్ని ఒక నిమిషం ఆపి, సిలిండర్లోని, పాళ్ళు ముందే తెలిసిన గాలి తాగించి, అది చెప్పే అంకె సిలిండరు మీద రాసిన అంకెతో సరిపోయిందో లేదో చూసి, పుస్తకంలో రాసింది నేను. మీథేన్ అయితే వంద కోట్ల పాళ్ళలో పంతొమ్మిది వందల చిల్లర. ఆ చిల్లరలోనే ఉంటుంది కథంతా. తెలిసిన దానితో సరిచూడకపోతే తెలియని దాన్ని కొలిచి లాభం లేదు. ఈ ముక్క నాకు ఈయన నేర్పలేదు. మా అబ్బా నూర్ అహ్మద్ కాటాలు బాగుచేస్తాడు, పుంగనూరులో చిన్న అంగడి, టమాటా కాలమంతా మదనపల్లె మండీలోనే పని. నేను మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ అయ్యాక మండీకి వెళ్ళి, ఆయన పని ముగిసేదాకా క్రేట్ల మీద కూర్చునేదాన్ని. ముద్ర వేసిన తూకం రాయి పెట్టి చూడకుండా ఏ కాటానీ వదిలేవాడు కాదు. ఒకసారి మండీలో ఒక వ్యాపారి తొందర పెడితే అబ్బా ఆయనకు కాటా తిరిగి ఇచ్చేసి, “అట్లయితే ఇంకెవురి దగ్గరైనా సేపించుకోప్పా, నాకు రాయి పెట్టకుండా సేతకాదు,” అన్నాడు. ఆ వ్యాపారి తిట్టాడు. అబ్బా నిలబడి విన్నాడు. నాకు అప్పుడు అబ్బా మీద కోపం వచ్చింది, అంతమందిలో మాట పడినందుకు.

అసలు నాకు ఎవరి మీద రాలేదు కోపం? ఇప్పుడు వేదిక పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని స్లైడులు మారుస్తున్న భవ్య మీద రాలేదా? ఈయన దగ్గర పరిశోధన చేసే పిల్ల, మెత్తగా నవ్వుతుంది, ఎవరినీ ఒక మాట అనదు. సముద్రం మీద మీథేన్ అనే పోస్టరు నేను తయారుచేశాను, దీవిలో కూర్చుని, నెట్ వచ్చినప్పుడల్లా ముక్కముక్కగా పంపాను. జనవరి పదహారున ఈయన మెయిలు పెట్టాడు, పూణె సదస్సులో పోస్టరు భవ్య చెబుతుంది, నువ్వు స్టేషన్ వదిలి రావడం కుదరదు అని. కింద పేర్ల వరసలో నాది మూడోది. ఫోన్ చేశాను. “నీ పని కొలవడం జబీన్, అది బాగా చేస్తాండావు. మాట్లాడేది వీళ్ళు మాట్లాడతారు,” అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు. ఫోన్ పెట్టేశాక ఏం చేశానో...

ఏం చేశానో తర్వాత. ఇప్పుడు ఈయన గాలిని వెనక్కి నడిపిస్తున్నాడు.

తెర మీద దక్షిణాది పటం. దీవి దగ్గర వెయ్యి చుక్కలు. కంప్యూటర్లో గాలి లెక్కలన్నీ తలకిందులు చేస్తే ఆ చుక్కలు వచ్చిన దారినే వెనక్కి పోతాయి, ఐదు రోజుల కిందట ఆ గాలి ఎక్కడుందో చూపిస్తాయి, అంటున్నాడు. భవ్య నొక్కింది. చుక్కలు కదిలాయి. సముద్రం దాటి, కేరళ తీరం దాటి, కనుమల సందులోంచి తూర్పుకు, ఇంకా తూర్పుకు. “సూడండి, ఈ గీత ఎట్లా పోతాండాదో. ఇదిగో, ఇదే మన కుప్పం. మీరు ఈడ ఏం కాల్చినా అది ఆడ పోయి మా పరికరంలో పడతాండాది.” హాలంతా గొల్లుమంది. నల్లప్ప తొడ చరుచుకున్నాడు. ఆ మాటకు చప్పట్లు వస్తాయని ఆయనకు తెలుసు. ఐదు రోజుల వెనక ఆ గీత వంద కిలోమీటర్లు అటూ కావచ్చు, ఇటూ కావచ్చు, కుప్పం కావచ్చు, సేలం కావచ్చు, అది ఎందుకు చెప్పడు? మదనపల్లెలో మాట్లాడితే అదే గీతను మదనపల్లె మీదుగా పోనిస్తాడు, పెద్దతిప్పసముద్రంలో పిలిస్తే అక్కడికీ తీసుకుపోతాడు. సన్నగా గీసిన గీత అబద్ధం. నిజమైన గీత దుప్పటంత వెడల్పుంటుంది. ఇది కూడా అడుగుతాను. అడగడానికి నా దగ్గర చాలా ఉన్నాయి.

మోడల్లో మా దీవి లేదు, అది మొదట అడుగుతాను. ఆ మోడల్ లోకాన్నంతా గళ్ళుగా కోస్తుంది, ఒక్కో గడి పాతిక కిలోమీటర్లు. మా దీవి పొడవు నాలుగు. అందుకని ఆ గడిలో మొత్తం సముద్రమే. కొబ్బరిచెట్లు, బడి, మసీదు, మోటారు పడవలు, ఒడ్డున కొబ్బరి పీచు నానబెట్టే గుంటలు, డీజిల్ జనరేటరు, పద్నాలుగు నెలలు ఉప్పుగాలికి పగిలిన నా పెదాలు, అన్నీ నీళ్ళే. దీవే తెలియని లెక్క పట్టుకుని దీవి మీద కొలిచిన మనిషిని తప్పుబట్టాడు. ఈ వాక్యం నాకు చాలా ఇష్టం. ఇంటికొచ్చాక పుంగనూరులో మేడ మీద గదిలో కూర్చుని, మూడు నెలలు నాకు నేనే ఆ వెనక్కి నడిపే ప్రోగ్రాం నేర్చుకుని, కింద అబ్బా సుత్తి చప్పుడు వింటూ, జనవరి పన్నెండు నుంచి ఇరవై రెండు దాకా పదకొండు రోజుల గాలినీ వెనక్కి నడిపించినప్పుడు పుట్టిన వాక్యం అది.

ఆ పదకొండు రోజులూ మీథేన్ ఎప్పుడూ లేనంత పెరిగింది. నేల మీంచి వచ్చిన గాలి అది, చలికాలంలో ఈశాన్యం నుంచి వస్తుంది. నేను పరుగెత్తి మెయిలు పెట్టాను, సార్ చూడండి అని. మూడు నెలలకు జవాబు వచ్చింది. ఆ పదకొండు రోజులు కొట్టేస్తున్నాం, అది దీవి మీది గాలే, పీచు కుళ్ళి మీథేన్ వదిలే గుంటలది, జనరేటరుది. దీవిలోని ఊరి వైపు నుంచి గాలి వచ్చినప్పుడు గొట్టం మూసి పుస్తకంలో గుర్తు పెట్టాలన్న నియమం సిబ్బంది పాటించలేదు. సిబ్బంది అంటే ఎవరు, నేనొక్కదాన్నే. మే నెలలో నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ ఇవ్వలేదు. ఆ వాక్యం ఇప్పుడు ఆయన పరిశోధన పేపర్లోకి వెళుతోంది, ‘సిబ్బంది నిర్లక్ష్యం వల్ల తొలగించిన రోజులు’ అని, ఈ నెలాఖరుకు అచ్చు. ఊరి వైపు గాలి వచ్చిన ప్రతిసారీ గొట్టం మూశాను. ప్రతిసారీ. దిక్కు చూపే మీటరు రికార్డు పెన్ డ్రైవ్‌లో ఉంది.

తెర మీద ఇప్పుడు ఆ గ్రాఫే వచ్చింది. నేను నిటారుగా కూర్చున్నాను. నీలం గీత మోడల్ చెప్పింది, నల్ల చుక్కలు నేను కొలిచినవి. జనవరిలో పదకొండు చుక్కలు బూడిద రంగులో, ఉండీ లేనట్టు. “ఇవి చెడిపోయిన కొలతలు. యాల చెడిపోయినాయంటే,” అని ఆయన లేజరు వెలుతురు ఆ నీలం గీత మీద జరిపాడు. “గాలి ఐదు దినాలు నేల మీంచి వచ్చింది, గీత పైకి పోయింది. పదిహేడు, పద్దెనిమిది తేదీల్లో గాలి తిరుక్కొని సముద్రం మీంచి వచ్చింది, గీత దిగింది. కానీ కొలత దిగలా. గాలి మారినా కొలత మారలేదంటే ఏమి అర్థం? ఆ వాయువు గాలితో రాలేదు, ఆడనే పుట్టింది. దీవి మీదే.” పిల్లలు రాసుకుంటున్నారు. ఎర్రటి వెలుతురు చుక్క ఆ రెండు తేదీల మధ్య ఆగింది. అక్కడ నీలం గీత గుంటలా దిగి ఉంది, పైన రెండు బూడిద చుక్కలు గాల్లో తేలుతున్నాయి.

పదిహేడు. పద్దెనిమిది. ఆ రెండు తేదీలే కావాలా ఆ మోడల్‌కి. నెలలో ముప్పై ఒక్క రోజులుంటే. ఫోన్ పెట్టేశాక నేను చేసింది ఏమీ లేదు. పడుకున్నాను. జ్వరం కాదు, ఎవరూ పోలేదు, చెప్పుకోవడానికి ఒక్క సాకు లేదు. పని కొలవడమే కదా, కొలవను, అనుకున్నాను. పరికరం ఉన్న గది నా గదికి పది అడుగులు. రెండు పొద్దులు లేచి, సిలిండరు తిప్పకుండా, పదహారో తేదీ అంకెనే పుస్తకంలో దించి, ‘సరి’ అని రాసి, మళ్ళీ పడుకుని ఫ్యాను చూశాను. పరికరం గదిలో ఏసీ ఆగిపోయిందని కూడా తెలుసుకోలేదు. పంతొమ్మిదిన వెళ్ళి సిలిండరు తిప్పితే పరికరం నలభై ఎక్కువ చూపించింది. గది వేడికి అది పక్కకు జరిగిపోయింది. ఏసీ బాగుచేయించి, పరికరాన్ని మళ్ళీ సరిచేసి, నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ నలభై ఆ గుంటను పూడ్చి తెర మీద తేలుతోంది.

మోడల్ తప్పు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. పుంగనూరు మేడ మీద నేను నడిపించినప్పుడు కూడా ఆ రెండు రోజుల చుక్కలు సముద్రంలోకే పోయాయి. టవరు ఎత్తు ముప్పై మీటర్లు, చుక్కల్ని ఆ ఎత్తునుంచే వదలాలి. సముద్రంలోకి పోయాయి. వంద మీటర్ల నుంచి వదిలాను, సముద్రం. ఐదు వందలు, సముద్రం. పదిహేను వందల మీటర్ల నుంచి వదిలితే కొన్ని నేల మీదికి పోయాయి. ఆ బొమ్మను దాచుకున్నాను. ఆ బొమ్మే పెన్ డ్రైవ్‌లో ఉంది. దీవిని చూడని, నన్ను చూడని, నా కోపం సంగతి తెలియని లెక్క నేరుగా వచ్చి ఆ రెండు రోజుల మీద వేలు పెడితే, దానికి కళ్ళు లేవన్నాను. ఈయన మీద నేను మోపాలనుకున్న నేరం ఏది? వినకుండా కొట్టేశాడని. ఆయన లెక్కలో తప్పు లేదు. నేనిచ్చిన అంకెలతో ఎవరు చేసినా అదే వస్తుంది. నా తొమ్మిది నిజం రోజుల్ని చంపింది ఆయన కాదు, మధ్యలో నేను పెట్టిన రెండు. నిన్న అన్నం దగ్గర అబ్బా మా ఇంటి మాటలో అడిగాడు, “సబ్ దినాఁ బరాబర్ దేఖీ నా?” అని, అన్ని రోజులూ సరిగ్గా చూశావు కదా అని. అన్నీ చూశానన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడగనందుకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

లేచి పోవచ్చు. రైలుంది. సంచీ ఒళ్ళోనే ఉంది. ఈయనకు ఆ రెండు రోజుల సంగతి తెలియదు, బెంగళూరు వాళ్ళకు తెలియదు. పేపర్లో ఒక్క వాక్యం పడుతుంది, పేరు కూడా ఉండదు, ఎవరు చదువుతారు. కానీ ఆ తొమ్మిది. ఉప్పుగాలిలో నూట పన్నెండు మెట్లెక్కి, గొట్టం చివర జాలీలో ఇరుక్కున్న పురుగుల్ని గోటితో తీసి, మూత బిగించి దిగిన తొమ్మిది రోజులు. అవి పీచు గుంటల కంపు అని ఈ పిల్లలందరూ పుస్తకాల్లో రాసుకున్నారు.

ఉపన్యాసం అయిపోయింది. ఫిజిక్స్ మేడం సుమలత మైకు పట్టుకుని ప్రశ్నలు అడగండి అంటోంది. నేను లేచాను. నల్లప్ప నా మొహంలోకి చూశాడు. వేదిక మీద ఆయన నన్ను పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

“సార్, ఆ పదకొండు రోజుల్లో ఊరి వైపు గాలి ఎన్ని గంటలు వచ్చిందో మీటరు రికార్డులో చూసినారా?”

“ఈయమ్మ మా స్టేషన్లో పనిచేసింది,” అని ఆయన సభకు చెప్పాడు. “చూసుంటారు, మావాళ్ళు.”

“ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ గొట్టం మూసి గుర్తు పెట్టినాను. పుస్తకం మీ ఆఫీసులోనే ఉండాది. తెరవకుండానే నిర్లక్ష్యమని రాసినారు.”

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక ఎవరో పిల్లవాడు నవ్వాడు. ఆయన పేటా తీసి బల్ల మీద పెట్టాడు. భవ్య తల దించుకుంది. నాలుగు రోజులుగా నేను ఎదురుచూసిన నిమిషం ఇదే. ఇది బాగుంది. ఇక్కడే కూర్చుంటే బాగుండేది.

“సరే జబీన్,” అన్నాడు, గొంతు పెంచకుండా. “గొట్టం మూసినావు. ఒప్పుకుంటాను. మరి పదిహేడు, పద్దెనిమిది తేదీల్లో గాలి సముద్రం మీంచి వస్తా ఉంటే కొలత యాల దిగలేదు? అది సెప్పు.”

మీ మోడల్లో దీవే లేదు సార్. వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది, నున్నగా. అంటే చప్పట్లు పడతాయి. ఆయన మొహంలో నాకు నచ్చనిది చాలా ఉంది, కానీ ఆ క్షణాన ఆయన నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. అదీ నాకు నచ్చలేదు.

“ఆ రెండు దినాలూ నేను సిలిండరుతో సరిచూడలేదు,” అన్నాను. “ముందు దినం అంకె దించి రాసినాను. ఏసీ ఆగిపోయింది, పరికరం నలభై ఎక్కువ చూపిస్తా ఉండింది. పంతొమ్మిదిన తెలిసింది. ఎవురికీ చెప్పలేదు.”

సుమలత మేడం మైకు వెనక్కి తీసుకోబోయి ఆగింది.

“యాల చూడలేదు?”

“మీ మీద కోపంతో.”

“ఈ మాట అప్పుడే సెప్పుంటే సరిపోయేది కదా,” అన్నాడు ఆయన.

“మీరు అడిగుంటే చెప్పేదాన్నేమో. మీరు అడగలేదు, కొట్టేసినారు. చెడింది రెండు సార్. పదకొండు కాదు.”

భవ్య ఏదో నొక్కుతోంది. తెర మీద గ్రాఫు ఒకసారి ఆరి, మళ్ళీ వచ్చింది. తొమ్మిది చుక్కలు నల్లగా వచ్చాయి, ఐదు ఇటు, నాలుగు అటు, నీలం గీత పైకి పోయిన చోట పైన, దిగిన చోట ఏమీ లేకుండా. భవ్య నా వైపు చూడలేదు. “సార్, ఇట్లయితే గీతతో సరిపోతాండాయి,” అంది ఆయనతో, మెల్లగా. ఆయన తెర వైపు తిరిగి, పిల్లలకు వీపు పెట్టి, ఒక్కో చుక్కనూ లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. నాకు ఆ వీపు మీద జాలి లేదు. నా మీద నాకూ లేదు. నేను కుర్చీ పట్టుకుంటే నల్లప్ప తన చెయ్యి పక్కకు తీసుకున్నాడు, నేను తగులుతానేమో అన్నట్టు.

వేదిక దిగి వచ్చాడు ఆయన. ముందు వరస దాకా, మైకు లేకుండా, నాకు మాత్రమే వినపడేట్టు.

“బెంగళూరు వాళ్ళు రేపు నాకు ఫోన్ చేస్తారు. నేను అబద్ధం సెప్పను.”

“చెప్పొద్దండి.”

“తొమ్మిది దినాలు పేపర్లోకి తిరిగి వస్తాయి. ఆ రెండు దినాలకు మాత్రం సిబ్బంది అని రాయను. నీ పేరే రాస్తాను.”

“రాయండి,” అన్నాను. “తొమ్మిదికీ నా పేరే రాయండి.”